షుగరు దానంతట అదే తగ్గిందా? సంబరపడవద్దు, మూత్రపిండాలు చూపించుకోండి

టెక్కలి (గ్రామీణ విలేఖరి): మందు తగ్గిస్తున్నా షుగరు తగ్గిపోతున్నదంటే జబ్బు నయమవుతున్నదని మన పల్లెల్లో గట్టి నమ్మకం. ఆ నమ్మకం ఎంత ప్రమాదకరమో ఈ ప్రాంతంలోని ఒక రైతు కుటుంబం అనుభవం చెబుతున్నది.

ఆ రైతు వయసు 56 సంవత్సరాలు. పదిహేనేళ్లుగా షుగరు జబ్బు వుంది. ఉదయం 30 యూనిట్లు, సాయంత్రం 16 యూనిట్లు ఇన్సులిన్ వేసుకునేవారు. నిరుడు సంక్రాంతి తర్వాత అదే మోతాదుకు కళ్లు తిరగడం, చెమటలు పట్టడం మొదలైంది. మోతాదు తగ్గించారు. మళ్లీ తగ్గించారు. శ్రావణమాసం వచ్చేసరికి ఇన్సులిన్ పూర్తిగా మానేసినా పరగడుపు షుగరు 110 దాటలేదు. ఆ రోజుల్లోనే సంతలో కొన్న ఏదో వేరుపొడి వాడుతుండడంతో ఘనత అంతా ఆ పొడికే దక్కింది. పక్క ఊళ్ల నుంచి బంధువులు వచ్చి పొడి ఎక్కడ దొరుకుతుందని అడిగి వెళ్లారు. “పంచదార జబ్బు పోనాదని అమ్మోరికి మొక్కు కూడా తీర్చీసినాం బాబూ” అని ఆయన భార్య ఈ విలేఖరితో చెప్పారు.

దీపావళి వెళ్లిన తర్వాత కాళ్లు వాచాయి. నాలుగడుగులు వేస్తే ఆయాసం. పెద్దాసుపత్రిలో రక్తం పరీక్ష చేస్తే క్రియాటినిన్ 6.9 వుంది. ఒకటికి అటూ ఇటూ వుండవలసిన అంకె అది. “షుగరు పోలేదు, మూత్రపిండాలు పోయాయి. అవి పోయాయి కాబట్టే షుగరు తగ్గింది” అని డాక్టరు చెప్పిన మాట ఆ కుటుంబానికి మొదట అర్థం కాలేదు. ఇప్పుడు ఆయన వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వెళుతున్నారు.

మూత్రపిండం పాడైతే షుగరు ఎందుకు తగ్గుతుంది? ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే ఇలాంటి కుటుంబాలు కొన్నయినా ముందే మేలుకొంటాయి. అందుకే ఈ విషయాన్ని వివరంగా పాఠకుల ముందు వుంచుతున్నాము.

జల్లెడ ఒక్కటే కాదు

మూత్రపిండం అంటే రక్తాన్ని వడగట్టి మూత్రం తయారుచేసే జల్లెడ అని అందరికీ తెలుసు. ఒక్కొక్క మూత్రపిండంలో సుమారు 10 లక్షల సన్నని జల్లెడలు వున్నాయి. రోజుకు దాదాపు 180 లీటర్ల నీటిని వడగట్టి, అందులో పనికివచ్చేదంతా తిరిగి రక్తంలోకి పంపి, లీటరున్నర లేక రెండు లీటర్లు మాత్రమే మూత్రంగా బయటికి పంపుతాయి.

అయితే అంతగా ప్రచారంలో లేని విషయం మరొకటి వుంది. మూత్రపిండం హార్మోన్లు తయారుచేసే అవయవం కూడా. హార్మోన్ అంటే ఒక అవయవం మరొక అవయవానికి రక్తం ద్వారా పంపే కబురు. మూత్రపిండం పంపే కబుర్లు ముఖ్యంగా మూడు. రక్తపోటును, ఉప్పును అదుపులో వుంచే రెనిన్ ఒకటి. ఎముకల మూలుగకు రక్తం తయారుచేయమని చెప్పే ఎరిత్రోపాయిటిన్ రెండవది. ఎండ వల్ల ఒంట్లో పుట్టిన విటమిన్ డి-ని పనికివచ్చే రూపంలోకి మార్చడం మూడవది. ఇవిగాక, ఇతర అవయవాలు పంపిన కబుర్లను పని అయిపోయాక చెరిపివేసే బాధ్యత కూడా దానిదే. ఇన్సులిన్‌ను విరగ్గొట్టేది కాలేయంతోపాటు మూత్రపిండమే.

పై రైతు విషయంలో జరిగింది ఇదే. ఇంజక్షన్‌గా వేసుకున్న ఇన్సులిన్ కాలేయాన్ని దాటుకొని నేరుగా రక్తంలో కలుస్తుంది. దానిని చెరిపేపని ఎక్కువగా మూత్రపిండం మీదనే పడుతుంది. మూత్రపిండం దెబ్బతింటే ఉదయం వేసుకున్న మందు రాత్రికి కూడా ఒంట్లో మిగిలి వుంటుంది. పైగా పరగడుపున వున్నప్పుడు మూత్రపిండం కూడా కొంత చక్కెర తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. అదీ ఆగిపోతుంది. ఆకలి మందగించి తిండి తగ్గుతుంది. ఇవన్నీ కలిసి షుగరు పడిపోతుంది. అది ఆరోగ్యం కాదు, ఆరిపోయే ముందు దీపం చేసే వెలుగు.

ఇన్సులిన్ వాడనివారికి కూడా ఈ ప్రమాదం వుంది. చౌకగా దొరికే గ్లిబెన్‌క్లమైడ్ వంటి పాత షుగరు బిళ్లలు మూత్రపిండం బలహీనపడినవారి ఒంట్లో ఎక్కువకాలం నిలుస్తాయి. అర్ధరాత్రి చెమటలు, వణుకు, మాట తడబాటు, స్పృహ తప్పడం జరుగుతాయి. పల్లెల్లో దీనిని గాలి సోకిందని చెప్పుకొని తెల్లవారేదాకా ఆగితే ప్రాణాలకే ముప్పు.

శివారు కాలువ దగ్గర పొరబడ్డ లస్కరు

షుగరు మూత్రపిండాన్ని ఎలా పాడుచేస్తుంది? వంశధార కాలువ కింద సేద్యం చేసేవారికి ఇది సులువుగా బోధపడుతుంది.

ప్రతి చిన్న జల్లెడనూ ఒక చెరువు అనుకోండి. రక్తం లోపలికి వచ్చే తూము ఒకటి, బయటికి పోయే తూము ఒకటి. ఈ రెండింటి మధ్య వుండే ఒత్తిడికే నీరు వడగట్టబడుతుంది. వడగట్టిన నీరు ఒక పొడవాటి పిల్లకాలువలో ప్రవహిస్తుంది. దారిలో చక్కెర, ఉప్పు, నీరు మళ్లీ రక్తంలోకి తోడుకోబడతాయి. ఆ కాలువ చుట్టుతిరిగి చివరికి మొదటి తూము పక్కకే వచ్చి తగులుతుంది. అక్కడ ఒక లస్కరు కాపలా కాస్తుంటాడు. శివారుకు వచ్చిన నీటిలో ఉప్పు ఎంత వున్నదో చూడడం అతని పని. ఉప్పు ఎక్కువ వస్తే వడపోత మితిమీరిందని వచ్చే తూము బిగిస్తాడు. ఉప్పు తక్కువ వస్తే నీరు చాలడం లేదని తూము తెరుస్తాడు, రెనిన్ విడుదల చేయిస్తాడు. రెనిన్ వల్ల పుట్టే ఆంజియోటెన్సిన్ బయటికి పోయే తూమును బిగిస్తుంది.

షుగరు రోగిలో ఈ లస్కరు మోసపోతాడు. రక్తంలో చక్కెర ఎక్కువ కావడంతో పిల్లకాలువ తలదగ్గరే చక్కెరను తోడే యంత్రాలు రెట్టింపు పని చేస్తాయి. అవి చక్కెరను ఒంటరిగా తోడలేవు, వెంట ఉప్పునూ తీసుకుంటాయి. అందువల్ల శివారుకు ఉప్పు చేరదు. నీరే రావడం లేదనుకొని లస్కరు తలతూము బార్లా తెరుస్తాడు. మూత్రపిండం లోపల తయారైన ఆంజియోటెన్సిన్ పోయే తూమును బిగించి వుంచుతుంది. వచ్చేది ఎక్కువ, పోయేది తక్కువ. గట్టు మీద ఒత్తిడి పెరుగుతుంది.

మొదటి కొన్నేళ్లు రోగికి ఏమీ తెలియదు. పైగా వడపోత మామూలుకంటే ఎక్కువగానే వుంటుంది కాబట్టి క్రియాటినిన్ పరీక్ష చేసినా బాగానే వుందని వస్తుంది. తర్వాత గట్టుకు ఊట పడుతుంది. రక్తంలో వుండవలసిన ఆల్బుమిన్ అనే మాంసకృత్తి మూత్రంలోకి కారుతుంది. తెగిన గట్లు ఒకటొకటిగా పూడిపోతాయి. పూడిన జల్లెడ మళ్లీ తెరుచుకోదు. మిగిలినవాటి మీద భారం ఇంకా పెరుగుతుంది.

షుగరు జబ్బు వున్న ప్రతి పదిమందిలో ముగ్గురు నలుగురికి ఎప్పుడో ఒకప్పుడు మూత్రపిండాల జబ్బు వస్తుందని వైద్యశాస్త్రం చెబుతున్నది. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగి 2023లో వెలువడిన సర్వే ప్రకారం దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి షుగరు వుంది. మరో 13 కోట్ల 60 లక్షల మంది దాని అంచున వున్నారు. ఈ లెక్కకు, పై లెక్కకు ముడిపెట్టి చూస్తే రానున్న కాలంలో ఎన్ని డయాలసిస్ పడకలు కావాలో ఊహించుకోవచ్చు.

పాలిపోయిన ముఖం, ఎముకల నొప్పి

మూత్రపిండం పంపే మిగతా కబుర్లు ఆగిపోతే ఏమవుతుందో కూడా చూడాలి.

ఎరిత్రోపాయిటిన్ తగ్గితే మూలుగలో రక్తం తయారీ మందగిస్తుంది. మిగతా మూత్రపిండ జబ్బులకంటే షుగరు జబ్బులో ఈ రక్తహీనత ముందుగా కనిపిస్తుంది. ముఖం పాలిపోవడం, గట్టు మీద నడిస్తేనే అలసట. మన ఊళ్లలో దీనికి బలం టానిక్కు, సెలైను బాటిలు ఎక్కించడం రివాజు. ఇనుము లోటుంటే ఇనుము పనిచేస్తుంది గాని, కబురు పంపేవాడే లేనప్పుడు టానిక్కు ఒక్కటే ఏమీ చేయలేదు. 1989 నుంచి ఈ హార్మోన్ ఇంజక్షన్ రూపంలో వాడుకలో వుంది. ఎవరికి, ఎంత ఇవ్వాలో డాక్టరు తేల్చవలసిందే. రక్తం తక్కువైనవారిలో మూడు నెలల సగటు షుగరు పరీక్ష కూడా ఉన్నదానికంటే తక్కువగా చూపే అవకాశం వుంది. అది చూసి కూడా కొందరు నయమైందని పొరబడుతున్నారు.

విటమిన్ డి మార్పిడి ఆగితే తిన్న ఆహారంలోని సున్నం ఒంటికి పట్టదు. అప్పుడు మెడలో వుండే నాలుగు చిన్న గ్రంథులు రెచ్చిపోయి ఎముకల నుంచి సున్నాన్ని లాగుతాయి. నడుము నొప్పి, ఎముకల నొప్పి అని రోగి వాపోతాడు. ఆ నొప్పికి కిరాణా కొట్టులో నొప్పుల బిళ్ల కొని మింగుతాడు. అసలు కథ అక్కడ మరింత చెడుతుంది.

నొప్పుల బిళ్ల, బొండాం నీళ్లు

మూత్రపిండం తన లోపలే తయారుచేసుకొనే ప్రోస్టాగ్లాండిన్ అనే పదార్థం వచ్చే తూమును మూసుకుపోకుండా తెరిచి వుంచుతుంది. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి నొప్పుల మందులు ఆ పదార్థాన్ని ఆపివేస్తాయి. ఎండలో కోతకోసి నీరు ఆరిపోయిన ఒంటికి, అప్పటికే దెబ్బతిన్న మూత్రపిండానికి ఆ బిళ్ల గొడ్డలిపెట్టు. రోజంతా పనిచేసి రాత్రికి ఒక ఇంజక్షన్ పొడిపించుకొనే అలవాటు మన కూలీల్లో ఎంతగా వున్నదో తెలియనివారు లేరు. షుగరు, బీపీ వున్నవారు ఈ అలవాటు మానుకోవడం అత్యవసరం.

మరొకటి, మన జిల్లాకు ప్రత్యేకమైన విషయం. ఉద్దానం కొబ్బరితోటలకు పేరు. నీరసంగా వున్నవారికి బొండాం కొట్టి ఇవ్వడం మన మర్యాద. కాని షుగరు వల్ల మూత్రపిండం దెబ్బతిన్నవారిలో కొందరికి రెనిన్, దాని వెనుక వచ్చే ఆల్డోస్టిరాన్ రెండూ తగ్గిపోతాయి. ఒంట్లోని పొటాషియం అనే లవణాన్ని బయటికి పంపేది ఆల్డోస్టిరాన్. అది తగ్గితే పొటాషియం రక్తంలో పేరుకుపోతుంది. అది మితిమీరితే గుండె లయ తప్పి ఆగిపోవచ్చు. పెద్ద గ్లాసు బొండాం నీళ్లలో సుమారు అర గ్రాము పొటాషియం వుంటుంది. ఆరోగ్యవంతులకు బొండాం అమృతమే. పొటాషియం ఎక్కువగా వున్నదని డాక్టరు చెప్పిన రోగికి మాత్రం అది తగదు. బీపీ ఉప్పు పేరుతో అమ్మే బదులు ఉప్పులో కూడా పొటాషియమే వుంటుందని గమనించాలి.

రెండు తూములకు రెండు మందులు

ఇంత చెప్పి భయపెట్టడం మా ఉద్దేశం కాదు. ఈ జబ్బు దారి తెలిసింది కాబట్టి దానికి అడ్డుకట్ట వేసే మందులూ వచ్చాయి.

బ్రెజిల్ దేశపు ఒక పాము విషం మీద జరిగిన పరిశోధన నుంచి ఆంజియోటెన్సిన్‌ను ఆపే మందు పుట్టింది. కాప్టోప్రిల్ అనే ఆ మందు మొదటి రకం షుగరు రోగుల్లో మూత్రపిండాల పతనాన్ని బాగా నెమ్మదింపజేస్తుందని 1993లో రుజువైంది. అదే కోవకు చెందిన లోసార్టాన్, ఇర్బెసార్టాన్ మందులు పెద్దవయసులో వచ్చే రెండవ రకం షుగరులోనూ పనిచేస్తాయని 2001లో తేలింది. ఇవి బీపీ బిళ్లలుగా మన మందుల షాపుల్లో ఏనాటినుంచో వున్నవే. లస్కరు ఉపమానంలో చెప్పాలంటే ఇవి బిగుసుకుపోయిన పోయే తూమును వదులు చేస్తాయి.

రెండవ తూము సంగతి ఇటీవలి మాట. చక్కెరను తిరిగి తోడే యంత్రాలను ఆపే మందులు వచ్చాయి. చక్కెర మూత్రంలో పోతుంది, ఉప్పు శివారుకు చేరుతుంది, లస్కరు తేరుకొని వచ్చే తూమును సరిపడా బిగిస్తాడు. ఈ కోవలోని కానాగ్లిఫ్లోజిన్ మూత్రపిండాల వైఫల్యం వంటి ప్రమాదాలను 30 శాతం తగ్గించినట్లు 2019లో వెల్లడైంది. డాపాగ్లిఫ్లోజిన్ షుగరు లేని కిడ్నీ రోగుల్లో కూడా మేలు చేస్తున్నదని 2020లో తెలిసింది. ఎంపాగ్లిఫ్లోజిన్‌కు పేటెంటు గడువు 2025 మార్చిలో ముగియడంతో మన దేశపు కంపెనీలు అదే మందును చాలా తక్కువ ధరకు అమ్ముతున్నాయి. కూలీనాలీ చేసుకొనేవారికి ఇది చిన్న విషయం కాదు.

అయితే ఈ మందులు ఎవరికి వారు కొనుక్కొని వేసుకొనేవి కావు. మొదలుపెట్టిన కొత్తలో గట్టు మీద ఒత్తిడి తగ్గడం వల్ల క్రియాటినిన్ కాస్త పెరుగుతుంది. అది చూసి భయపడి చాలామంది మందు మానేస్తారు. డాక్టరుతో మాట్లాడకుండా మానరాదు. క్రియాటినిన్, పొటాషియం ఎప్పుడెప్పుడు చూడాలో ఆయన చెబుతారు. వాంతులు, విరేచనాలు, ఉపవాసాలు వున్నప్పుడు తాత్కాలికంగా ఆపవలసి రావచ్చు. గర్భిణులు వాడరాదు. షుగరును, బీపీని అదుపులో వుంచుకోకుండా ఈ మందులు మింగితే ఫలితం అంతంత మాత్రమే.

ఉద్దానం నీడలో మరుగునపడిన జబ్బు

మన జిల్లాలో కిడ్నీ జబ్బు అనగానే ఉద్దానం గుర్తుకు వస్తుంది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వంటి మండలాల్లో ఆ జబ్బు ఎన్ని ఇళ్లను కూల్చిందో చెప్పనక్కరలేదు. నీరు మొదలుకొని ఎన్నో కారణాలు చర్చకు వచ్చినా ఇదీ అని తేలలేదు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. ఆ ప్రాంత ప్రజల దీర్ఘకాల పోరాటానికి అది దక్కిన ఫలితం.

కాని ఉద్దానం పేరు పెద్దదైన కొద్దీ మరొక కిడ్నీ జబ్బు కనిపించకుండా పోతున్నది. ఉద్దానం రోగుల్లో చాలామందికి షుగరు లేదు, మూత్రంలో మాంసకృత్తి కూడా అంతగా పోదు. షుగరు వల్ల వచ్చే జబ్బు వేరు. దానికి కారణం తెలుసు, ఆనవాలు తెలుసు, ఆపే మందు తెలుసు. అయినా కాళ్లు వాస్తే “మనది ఉద్దానం కాదు గదా, మనకు కిడ్నీ జబ్బెందుకు వస్తుంది” అనేవారు ఒకవైపు, “నీళ్లు మార్చి తాగుతున్నాం గదా” అని ధీమాగా వుండేవారు మరోవైపు. కారణం తెలియని జబ్బుకు పరిశోధన కేంద్రం వచ్చింది. కారణం తెలిసిన జబ్బుకు మాత్రం ఊళ్లో మూత్రం పరీక్ష లేదు.

ఈ విలేఖరి తిరిగిన నాలుగు ఊళ్లలో ఆరోగ్య కార్యకర్తలు వేలు గుచ్చి షుగరు చూస్తున్నారు, చేతికి పట్టీ కట్టి బీపీ చూస్తున్నారు, బిళ్లలు ఇస్తున్నారు. ఈ పని మెచ్చుకోదగినదే. కాని మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష ఎప్పుడైనా చేశారా అని అడిగితే పదేళ్లుగా షుగరు వున్నవారు కూడా తెల్లముఖం వేశారు. అసలు గట్టు ఊటను పసిగట్టేది ఆ పరీక్షే. మూత్రంలో ఒక గ్రాము క్రియాటినిన్‌కు 30 మిల్లీగ్రాములకంటే ఎక్కువ ఆల్బుమిన్ పోతుంటే జాగ్రత్త పడాలి. 300 దాటితే ప్రమాదం ముదిరినట్లే. పెద్దవయసులో షుగరు బయటపడినవారికి మొదటి రోజు నుంచే ఏడాదికొకసారి ఈ పరీక్ష, క్రియాటినిన్ పరీక్ష జరగాలి.

డయాలసిస్ ఉచితంగానే జరుగుతున్నది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై నేడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకం కింద రోగికి యంత్రం ఖర్చు లేదు. కాని వారానికి మూడు రోజులు, పూటకు నాలుగు గంటలు యంత్రం మీద పడుకొనే మనిషికి కూలి పోతుంది. తోడు వచ్చే మనిషికీ కూలి పోతుంది. బండి ఖర్చు తప్పదు. పైగా యంత్రం జల్లెడ పని మాత్రమే చేయగలదు. రక్తం తయారుచేయమని కబురు పంపలేదు, విటమిన్ డి-ని మార్చలేదు. ఆ హార్మోన్లకు విడిగా మందులు వాడవలసిందే. ఒక రోగికి ఏడాది పొడవునా డయాలసిస్ చేయించే ఖర్చుతో ఎన్ని ఊళ్లకు మూత్రం పరీక్షలు చేయించవచ్చునో అధికారులు లెక్కవేసి చూడాలి.

చేయవలసింది

ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో షుగరు, బీపీ రోగులందరికీ ఏడాదికొకసారి ఆల్బుమిన్, క్రియాటినిన్ పరీక్షలు జరిపి ఆ అంకెలను రోగి పుస్తకంలో రాసి ఇవ్వాలి. ఆశా కార్యకర్తల దగ్గర వుండే షుగరు రోగుల జాబితాలో ఈ పరీక్ష కోసం ఒక గడి పెట్టాలి. మూత్రపిండాన్ని కాపాడే బిళ్లలు కేంద్రంలో ఎప్పుడూ నిల్వ వుండేలా చూడాలి. నొప్పుల ఇంజక్షన్ల విచ్చలవిడి వాడకంపై గ్రామాల్లో ప్రచారం జరగాలి. జిల్లా వైద్యాధికారులు ఈ విషయంపై దృష్టి సారించవలసి వుంది.

పాఠకులకు ఒక్క మాట. ఇంట్లో షుగరు వున్న పెద్దవారికి ఇన్సులిన్ అవసరం దానంతట అదే తగ్గిపోతుంటే, పాత మోతాదుకే షుగరు పడిపోతుంటే, మూత్రంలో నురగ ఎక్కువగా నిలుస్తుంటే, ముఖం పాలిపోతుంటే వేరుపొడికి దండం పెట్టి వూరుకోవద్దు. ఆ వారంలోనే ఆసుపత్రికి తీసుకువెళ్లి మూత్రం, రక్తం పరీక్ష చేయించండి.

పైన చెప్పిన రైతు ఇంట్లో ఆయన తమ్ముడికి కూడా తొమ్మిదేళ్లుగా షుగరు వుంది. అన్న సంగతి చూశాక పోయిన నెలలో ఆయన మూత్రం పరీక్ష చేయించుకున్నారు. ఆల్బుమిన్ 140 వచ్చింది. క్రియాటినిన్ ఇంకా మామూలుగానే వుంది. మందు మొదలుపెట్టారు. గట్టుకు ఊట పడింది గాని తెగలేదు. ఆయనకు ఇంకా సమయం వుంది. సంతలో కొన్న ఆ పొడి డబ్బా మాత్రం ఇంకా అటక మీదనే వుంది. అడగడానికి ఇప్పుడు బంధువులెవరూ రావడం లేదు.